దేవరకొండ దగ్గర గుంటనక్కలు చనిపోతున్నాయన్న ప్రశ్నకు ఒక పశువైద్యుడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండు సార్లు చదివాను. మిగతావాళ్ళకూ విషయం తెలియాలి కాబట్టి ముందు నువ్వు రాసింది నాలుగు ముక్కల్లో చెప్తాను. దేవరకొండ నుంచి డిండి పోయే దారిలో మీ ఊరు. బత్తాయి తోట వెనకాల పెద్ద బీడు, అందులో మూడేళ్ళుగా ఒక గుంటనక్కల జంట బొరియ చేసుకొని ఉంటోంది. ఈసారి నాలుగు పిల్లలు పెట్టింది. పోయిన వారం పెద్దవాటిలో ఒకటి పట్టపగలు తూలుకుంటూ తోటలోకి వచ్చింది. కళ్ళ నిండా పుసులు, దవడ టకటకా కొట్టుకుంటోంది, మనిషిని చూసినా పారిపోలేదు. తెల్లారేసరికి చచ్చిపడి ఉంది. పిల్లల్లో రెండు కనిపించడం లేదు. పక్క చెలకలో ఇంకో నక్క తోక వెంట్రుకలన్నీ రాలిపోయి తాడులా అయింది. అంతరించిపోతున్న నక్కలకు వేరే దేశాల్లో టీకాలు వేసి కాపాడారని ఎక్కడో చదివావు. కోడి మాంసంలో మందు పెట్టి బొరియ దగ్గర వేయొచ్చా, ఈ జబ్బు మేకలకు, ఇంట్లో పిల్లలకు అంటుతుందా అని అడిగావు.

నేను ముప్పై మూడేళ్ళు పశువైద్యుడిగా పనిచేశాను. ఎక్కువ భాగం కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ చుట్టుపక్కలే. నక్కలకు వైద్యం చేయడం నా ఉద్యోగం కాదు. కానీ గొర్ల మందల వెనక తిరిగేవాడికి నక్కలూ, కుక్కలూ తప్పవు.

మిగతాది తర్వాత. ఆ చచ్చిన నక్కను తోట కాపలా ఆయన వట్టి చేతులతో తోక పట్టి లాగి గట్టు అవతల పడేశాడని రాశావు. ఆయన చేతులకు గీతలు, పగుళ్ళు ఉన్నాయా? నక్క నోటి నురగ గానీ, చొంగ గానీ తగిలిందా? తగిలిందేమో అన్న అనుమానం ఉన్నా చాలు, ఇవాళే దవాఖానకు పంపు. నాకేం కాలేదని ఆయన అంటాడు, వినకు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక వైద్యం లేదు, మొదలవక ముందు మాత్రం పూర్తిగా ఆపగలం. ఎవరినైనా కరిచినా, గీరినా ముందు సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం అద్దొద్దు. మన దగ్గర కారం అద్దే అలవాటు ఇంకా పోలేదు. సర్కారు దవాఖానలో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు టీకా వేస్తారు. అడవి జంతువు కాటును పెద్ద కాటుగానే లెక్కగట్టి గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు వైరస్‌ను అక్కడే అడ్డుకునే మందు) కూడా ఎక్కించాలి. అది అక్కడ లేదంటే ఎక్కడుందో అడిగి వెళ్ళాలి, ఇంటికి తిరిగి రాకూడదు.

మీ కుక్క ఆ శవాన్ని వాసన చూసిందని కూడా రాశావు. దానికి లోగడ రేబిస్ టీకా పడి ఉంటే ఇంకో డోసు వేయించు. పడకపోతే టీకా వేయించి, కట్టేసి, కొన్ని నెలలు కనిపెట్టి ఉండాలి. మేకల్లో దేన్నైనా ఆ నక్క కరిచినట్టు కనిపిస్తే వాటికీ కాటు తర్వాత ఐదు డోసుల టీకా ఉంది. ఊరి పశువైద్యుణ్ణి అడుగు, లేదా 1962కు ఫోన్ చెయ్యి, సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి.

మన ఊళ్ళలో అన్నింటినీ నక్క అనేస్తారు గానీ ఇవి రెండు జాతులు. రాత్రి ఊళ వేసేది, కుక్కంత ఉండేది, ఎనిమిది పది కిలోలు తూగేది నక్క. నువ్వు చూసింది గుంటనక్క. రెండు మూడు కిలోలకు మించదు, పెద్ద చెవులు, సన్నటి కాళ్ళు, తోక చివర నల్లగా బ్రష్షు ముంచినట్టు ఉంటుంది. ఎలుకలు, చెదలు, ఉసిళ్ళు, పేడపురుగులు, రేగుపళ్ళు తిని బతుకుతుంది. ఓ జంట ఎలుకల్ని పట్టే తీరు చూశాక, వేరుశనగ రైతు దాన్ని తరమడం నాకు ఎప్పుడూ వింతగానే అనిపించింది. జీవాల జోలికి రాదు. కోడిపిల్ల దొరికితే వదలదు, అది నిజమే. డిసెంబర్, జనవరిలో జత కడతాయి. యాభై రోజులు దాటాక పిల్లలు పుడతాయి. ఎండలు ముదిరే వేళకు పిల్లలు బొరియ బయట ఆడుతుంటాయి. అందుకని ఈ రోజుల్లో పగలు కనిపించిన ప్రతి గుంటనక్కా జబ్బుది కాదు. పిల్లల తల్లి పగలు కూడా వేటకు తిరుగుతుంది. కానీ నువ్వు చెప్పినది మాత్రం జబ్బే.

ఒక సవరణ. గుంటనక్క ఇంకా ప్రపంచ లెక్కల్లో అంతరించిపోయే జాబితాలో లేదు. దేశం మొత్తం మీద చూస్తే పర్వాలేదు అంటారు. మన దగ్గర చూస్తే ఆ మాట నాకు మింగుడు పడదు. దానికి కావలసింది అడవి కాదు, పొట్టి గడ్డి ఉన్న బీడు, గుట్టల కింది చెలక. సర్కారు కాగితాల్లో అది ‘పనికిరాని భూమి’. అక్కడే వెంచర్లు పడతాయి, అక్కడే బోరు వేసి పత్తి పెడతారు. మీ బీడుకూ, పక్క బీడుకూ మధ్య ఇప్పుడు రోడ్డు, కోళ్ళ ఫారాలు, ఫెన్సింగు. అంటే మీ దగ్గరున్నది పెద్ద గుంపులో భాగం కాదు, విడిపోయి మిగిలిన నాలుగైదు జంటలు. జబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతే ముఖ్యం. ఒకసారి జబ్బు దిగితే ఆ కొన్నీ పోతాయి, వాటి చోటు నింపడానికి పక్క నుంచి వచ్చేవి ఉండవు.

నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నాకు మొదట తోచేది డిస్టెంపర్. కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు. మనుషుల తట్టు వైరస్, మేకలకూ గొర్లకూ వచ్చే పారుడు రోగం వైరస్, ఇదీ ఒకే వంశం. అదే వంశంలోని, ఎడ్లనూ బర్రెలనూ చంపే రిండర్‌పెస్ట్‌కు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరూరా టీకాలు వేశాం. అది 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. డిస్టెంపర్ దగ్గుతో, తుమ్ముతో, ముక్కు కారే నీళ్ళతో అంటుకుంటుంది. మొదట కళ్ళు, ముక్కు కారుతాయి, జ్వరం, విరేచనాలు. తర్వాత మెదడుకు పాకితే తూలడం, కండ అదరడం, ఏదో నములుతున్నట్టు దవడ టకటకా ఆడటం, భయం పోవడం. కొన్నిటికి అరికాళ్ళ మెత్తలు, ముక్కు పైభాగం గట్టిపడి పగిలిన చెప్పు అట్టలా అవుతాయి. ఈ జబ్బు మనుషులకు రాదు. మేకలకు, గొర్లకు, బర్రెలకు కూడా దీని భయం లేదు. మీ మేకలకు పారుడు రోగం టీకా వేయించావా లేదా అన్నది వేరే సంగతి, అది మాత్రం వేయించు.

కష్టం ఎక్కడంటే, మెదడుకు పాకిన డిస్టెంపర్ నక్కనూ, పిచ్చి పట్టిన నక్కనూ పక్కపక్కన నిలబెడితే చూసి చెప్పడం నా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు. మెదడు ముక్క పరీక్ష చేస్తేనే తేలుతుంది. అందుకే తేలేదాకా రేబిస్ అనుకొనే మెలగాలి.

ఇందులో నేను ఒకసారి తప్పు చేశాను. తొంభైల మొదట్లో, కల్వకుర్తి వైపు ఒక గొర్ల మంద దగ్గరికి గుంటనక్క ఒకటి పగలే వచ్చి తడిక పక్కన పడుకుంది. కాపరి కర్రతో కొట్టి చంపాడు, ఆ గొడవలో చేతికి గీరుకుంది. నేను వెళ్ళి చూసి, పిచ్చిదే అన్నాను. ఆయన్ని దవాఖానకు పంపాను. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆయన నన్ను తిట్టుకుంటూనే అన్నీ వేయించుకున్నాడు. అంతవరకు నేను చేసింది సరే. నక్కను మాత్రం పరీక్షకు పంపకుండా అక్కడే పూడ్పించేశాను. ఐస్ ఎక్కడ తేవాలి, హైదరాబాద్ ఎవరు పోవాలి అని బద్ధకించాను. మూడు వారాలకు ఆ మంద కుక్క పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. ఐదింటికి ఐదూ. వెళ్ళి ఒకదాని కాలు ఎత్తి చూశాను. అరికాలు మెత్త గోటితో నొక్కితే టక్కుమంది. అప్పుడు అర్థమైంది, ఇది డిస్టెంపర్ అని. వేసవిలో ఆ మంద మేత కోసం నాలుగు ఊళ్ళు తిరిగింది, ఆ నాలుగు ఊళ్ళ కుక్కల్లోనూ జబ్బు దిగింది. నక్క నుంచి కుక్కకు వచ్చిందా, కుక్క నుంచే ముందు నక్కకు వచ్చిందా అన్నది ఇక తెలిసే దారి లేదు. నా అంచనా రెండోదే.

తోక వెంట్రుకలు రాలిన రెండో నక్కది ఇంకో జబ్బు కావచ్చు. గజ్జి. చర్మంలో సొరంగాలు తవ్వే కంటికి కనబడని పురుగు. గోకి గోకి చర్మం దళసరెక్కి, పొరలు లేచి, తోక దగ్గర, పిరుదుల దగ్గర వెంట్రుకలు పోతాయి. తిండి వేటాడలేక ఎండి చస్తాయి. పడుకునే బొరియలే దీనికి ఇల్లు, ఒకటి వదిలిన బొరియలో ఇంకోటి దూరితే చాలు. అమెరికాలో కాలిఫోర్నియా వైపు శాన్ వాకీన్ కిట్ ఫాక్స్ అని మన గుంటనక్కంతే ఉండే జంతువు ఉంది, అది నిజంగానే అంతరించే జాబితాలో ఉంది. బేకర్స్‌ఫీల్డ్ అనే పట్నంలో కాలువ గట్ల మీద, స్కూలు ఆవరణల్లో బొరియలు చేసుకొని హాయిగా బతికేది. 2013లో గజ్జి దిగి ఆ పట్నపు గుంపును చాలావరకు తుడిచేసింది. మందు పడనివి దాదాపు బతకలేదు. ఈ పురుగు మనిషి చేతికి పాకితే కొన్ని రోజులు దురద పెడుతుంది గానీ నిలవదు.

కనబడని రెండు పిల్లల సంగతి ఊహించి చెప్పలేను. పార్వో కావచ్చు, కుక్కపిల్లల్ని రక్త విరేచనాలతో చంపేది అదే. తల్లి వాటిని వేరే బొరియకు మార్చి ఉండొచ్చు, అవి ఇలా చేస్తూనే ఉంటాయి. ఇంకో మాట, కొంచెం మొహమాటంగా ఉన్నా అడగాలి. ఊళ్ళో ఎవరైనా పందుల కోసమో, ఎలుకల కోసమో గుళికల మందు కలిపిన ఎర వేశారా? ఒకే రాత్రి నక్క, కుక్క, కాకులు కలిసి చస్తే అది జబ్బు కాదు. విషంలో నోట్లోంచి నీళ్ళలా చొంగ కారుతుంది, కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది, గంటల్లో పోతుంది. కళ్ళకు పుసులు కట్టేంత టైమ్ ఉండదు.

ఇక నువ్వు చదివిన కథ. అది కాలిఫోర్నియా తీరం దగ్గర శాంటా కాటలినా దీవిది అయి ఉంటుంది. ఆ తీరపు దీవుల్లో మాత్రమే ఉండే నక్క అది, దీవికొక ఉపజాతి. బరువు మన గుంటనక్కంతే, రెండు కిలోలు అటూ ఇటూ. వేల ఏళ్ళు దీవి మీదే ఉండిపోయింది కాబట్టి బయటి జబ్బుల రుచి దాని ఒంటికి తెలియదు. 1998లో ఆ దీవిలో సుమారు 1,300 నక్కలు. రెండేళ్ళు తిరిగేసరికి దాదాపు 100. డిస్టెంపర్. పడవలో దొంగచాటుగా వచ్చిన రాకూన్ అనే అడవి జంతువో, ఎవరో తెచ్చిన కుక్కో మోసుకొచ్చి ఉంటుందని అనుకుంటారు. ఆ 100 ఎలా మిగిలాయో వింటే నీకు మీ బీడు గుర్తుకొస్తుంది. ఆ దీవి మధ్యలో నడుం దగ్గర నొక్కినట్టు సన్నగా ఉంటుంది, అర మైలు వెడల్పు. ఆ నడుం దగ్గర జనం ఉండే చిన్న ఊరు. నక్కలు అటూ ఇటూ పెద్దగా దాటవు. తూర్పు వైపు నక్కలు దాదాపు అన్నీ పోయాయి, పడమటి వైపువి మిగిలాయి. జబ్బు ఆ నడుం దాటలేదు.

తర్వాత పడమటి వైపు వాటిని పట్టి టీకా వేశారు, బోనుల్లో పిల్లలు పెట్టించారు, పిల్లల్ని తూర్పుకు తరలించారు. ఇప్పుడు అక్కడ వెయ్యి దాటాయి. 2016లో ఉత్తరం వైపు మూడు దీవుల నక్కల్ని అంతరించే జాబితా నుంచే తీసేశారు. కాటలినా నక్కను మాత్రం ఒక మెట్టు దింపి ఉంచారు, ఎందుకంటే దాని దీవికి జనం, పడవలు, కుక్కలు రావడం ఆగలేదు. ఆ మూడు దీవుల్లో నక్కల్ని తిన్నది జబ్బు కాదు, గద్దలు. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

వాళ్ళు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. అన్ని నక్కలకూ టీకా వేయరు. ఒక ముఖ్యమైన భాగానికి వేసి, కొన్నిటిని కావాలనే వదిలేస్తారు. వదిలేసిన వాటి మెడకు రేడియో పట్టీ కడతారు. ఆ పట్టీ చాలాసేపు కదలకపోతే సిగ్నల్ మారుతుంది, మనిషి వెళ్ళి శవం తెచ్చి పరీక్షకు పంపుతాడు. జబ్బు దిగిందో లేదో చెప్పేది అవే. మన కోళ్ళ ఫారాల్లో పొద్దున్నే చచ్చిన కోళ్ళు లెక్కపెట్టి, ఎక్కువైతే డాక్టర్‌కు ఫోన్ చేస్తారు చూడు, లాజిక్ అదే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రష్యా తూర్పు కొసన మెద్నీ దీవిలో ధ్రువ నక్కల్ని 1970లలో చెవి గజ్జి పట్టింది, గుంపులో పదోవంతో, అంతకంటే కొంచెం ఎక్కువో మిగిలింది, ఇప్పటికీ కోలుకోలేదు. ఇథియోపియా కొండల్లో ఒక తోడేలు ఉంది, చూడటానికి పెద్ద నక్కలా ఎర్రగా ఉంటుంది, మొత్తం ఐదు వందలు కూడా లేవు. 1990ల మొదట్లో ఒకసారి, 2003లో ఇంకోసారి కాపరుల కుక్కల నుంచి వచ్చిన రేబిస్ వాటిలో పెద్ద భాగాన్ని చంపింది. అక్కడ లెక్కలు వేసినవాళ్ళు తేల్చింది ఏమిటంటే, లోయ నుంచి లోయకు దాటే దారుల్లో ఉన్న వాటికి, మొత్తంలో మూడోవంతు వాటికి టీకా పడినా జాతి మొత్తం ఒకేసారి పోకుండా ఆపొచ్చని. అంత దూరం ఎందుకు, 2018లో గిర్‌లో సింహాలు వరసగా చచ్చినప్పుడు వాటి ఒంట్లో దొరికింది కూడా ఈ డిస్టెంపరే.

మన గుంటనక్క మీద కూడా పని జరిగింది. మహారాష్ట్రలో సోలాపూర్ దగ్గర నన్నజ్ అని బట్టమేక పిట్టల అభయారణ్యం ఉంది. నేల, వాన, జొన్న చేలు, గొర్ల మందలు, అన్నీ మన మహబూబ్‌నగర్ పోలికే. అక్కడ ఊరికుక్కల రక్తం, గుంటనక్కల రక్తం తీసి చూశారు. కుక్కల్లో చాలావాటికి డిస్టెంపర్, పార్వో వచ్చి తగ్గిన గుర్తులున్నాయి. అంటే జబ్బు ఊళ్ళలోనే ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, కుక్కలు ఎక్కువ కాబట్టి ఆరిపోదు. నక్కలు తక్కువ కాబట్టి వాటిలో దానంతట అది ఎక్కువ కాలం నిలవలేదు. కుక్కల్లోంచి చిమ్మినప్పుడల్లా వాటి మీద పడుతుంది. పొయ్యి ఊళ్ళో ఉంది, నిప్పురవ్వ వచ్చి బీడులో పడుతోంది.

అందుకే కోడి మాంసంలో మందు ఆలోచన మానుకో అంటున్నాను. స్విట్జర్లాండ్‌లో 1978లో రేబిస్ టీకాను కోడి తలకాయల్లో పెట్టి నక్కలకు వేశారు, అది నిజమే. తర్వాత యూరప్ చాలా భాగం ఆ దారిలోనే నక్కల రేబిస్ వదిలించుకుంది. కానీ అది నోటి ద్వారా పనిచేసేలా తయారుచేసిన ప్రత్యేకమైన టీకా. మన దగ్గర అడవి జంతువులకు అలాంటి కార్యక్రమం లేదు. మెడికల్ షాపులో దొరికే కుక్క టీకాను మాంసంలో పోస్తే అది కడుపులో అరిగిపోతుంది, అంతే. డిస్టెంపర్ టీకాకు ఇంకో చిక్కు ఉంది. కుక్కలకు వేసేది బతికి ఉన్న, బలం తగ్గించిన వైరస్. కుక్కకు మేలే చేస్తుంది, కొన్ని అడవి జంతువులకు అదే జబ్బు తెప్పించింది. బూడిదరంగు నక్కల్లో, రెడ్ పాండాల్లో ఇలా జరిగింది. కాటలినాలో అందుకే అసలు డిస్టెంపర్ వైరస్ లేకుండా, దాని ముక్కను మాత్రమే పిట్టల వైరస్‌లో కూర్చిన టీకా వాడారు.

గజ్జికి ఐవర్‌మెక్టిన్ ఉంది కదా, గొర్లకు వేస్తాం కదా అని నువ్వు రాశావు. ఉంది. లెక్క చూడు. గొర్లకు వాడే ఒక శాతం ఇంజెక్షన్ యాభై కిలోలకు ఒక మిల్లీలీటర్. రెండున్నర కిలోల నక్కకు ఎంత? మిల్లీలీటర్‌లో ఇరవయ్యో వంతు, అంటే ఒక్క చుక్క. అచ్చంపేట దగ్గర ఒక కాపరి ప్రేమ కొద్దీ ఇదే పని చేశాడు. ఐదారు కోడి కందనకాయల్లో ఒక్కోదాంట్లో సిరంజితో ఒక్కో మిల్లీలీటర్ ఎక్కించి బొరియ దగ్గర పెట్టి వచ్చాడు. నక్క రాలేదు. ఆయన కుక్కే వెనకాలే వెళ్ళి అన్నీ తినేసింది. రాత్రికి నా దగ్గరికి మోసుకొచ్చాడు. కంటిపాపలు నల్ల గుండీల్లా విచ్చుకొని ఉన్నాయి, గోడకు తల ఆనించి నిలబడుతోంది, దీపం చూపించినా రెప్ప కొట్టలేదు. నాలుగు రోజులు సెలైన్ల మీద ఉంచితే బతికింది. చూపు వారం తర్వాత వచ్చింది.

అయితే ఏం చేయాలి? ఊళ్ళో కుక్కల్ని లెక్కపెట్టు. ఇదే మొదటి పని, ఇదే అసలు పని. తెల్లవారుజామున ఐదింటికి బండి మీద ఇద్దరు రెండు రోజులు తిరిగితే లెక్క తేలుతుంది. మీ ఊరంత ఊళ్ళో అరవై దాకా ఉంటాయనుకుందాం. వందకు డెబ్బై కుక్కలకు రేబిస్ టీకా పడితే జబ్బు తిరగడం ఆగుతుందన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. అంటే నలభై రెండు. మనసు పెడితే ఒక ఆదివారం పని. సర్పంచ్‌తో మాట్లాడి పశువైద్యశాలకు ఒక అర్జీ ఇవ్వండి. రేబిస్ టీకా ఖరీదైనది కాదు, పది డోసుల సీసాలు కూడా దొరుకుతాయి. ఐస్ డబ్బాలో పెట్టి తేవాలి. ఎండలో బండి డిక్కీలో వేసుకొచ్చిన టీకా నీళ్ళతో సమానం. టీకా పడిన కుక్కకు గొర్లకు పూసే రంగు వీపు మీద ఒక గీత గీయండి, రెండోసారి పొడవరు. మంద కుక్కల్ని మరిచిపోకండి. వీధి కుక్క ఊళ్ళోనే ఉంటుంది, బొరియ పక్కన రాత్రంతా ఉండేది మంద కుక్కే.

డిస్టెంపర్, పార్వో కలిపి వచ్చే టీకాకు డబ్బు కొంచెం ఎక్కువవుతుంది. అందరికీ వేయలేకపోతే పెంపుడు కుక్కలకు, మంద కుక్కలకు, ముఖ్యంగా కుక్కపిల్లలకు వేయించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి నాలుగు నెలల దాకా. ఒక్కటి వేసి వదిలేస్తే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ దాన్ని పనిచేయనీయదు. మన వాళ్ళు ‘టీకా వేసినా చచ్చింది సార్’ అని తెచ్చే పిల్లల్లో ఎక్కువ ఈ రకమే.

రెండోది, మీ పక్క కోళ్ళ ఫారం వాళ్ళు చచ్చిన కోళ్ళను ఎక్కడ వేస్తున్నారు? నీ ఫోటోలో గట్టు అవతల తెల్లగా కనిపిస్తున్నవి ఈకలే అయితే సగం జవాబు అక్కడే ఉంది. పది ఊళ్ళ కుక్కలు, నక్కలు, గుంటనక్కలు ఒకే కుప్ప మీద మూతి పెట్టే చోటు అది. మూత ఉన్న గుంత తవ్వించి సున్నం వేయమని చెప్పండి. గొడవ పెట్టుకోకుండా చెప్పండి. వాసన తగ్గుతుంది, ఈగలు తగ్గుతాయి అంటే వింటారు. నక్కల కోసం అంటే నవ్వుతారు. నేను చెప్పి చూశాను.

బొరియ జోలికి పోవద్దు. మూయొద్దు, పొగ పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు. మిగిలిన రెండు పిల్లలు ఏడుస్తున్నట్టు అనిపించినా ఇంటికి తేవొద్దు. చట్టరీత్యా నేరం అన్నది ఒకటి, డిస్టెంపర్ ఉన్న పిల్లను మీ కుక్క పక్కన పడుకోబెట్టినట్టు అవుతుందన్నది ఇంకొకటి. జంటలో ఒకటి పోయినా రెండోది పిల్లల్ని సాకుతుంది, తండ్రి కూడా మేత తెచ్చే జాతి ఇది. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు కదా అని చచ్చినదాని తోక కోసి దాచుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, కాపలా ఆయన్ని ఆ సంగతి కూడా అడుగు.

ఇంకో నక్క చస్తే ముట్టుకోకుండా అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చెయ్యి. పశువైద్యుడి చేత తల తీయించి, రెండు పొరల సంచిలో, చుట్టూ ఐస్ పెట్టి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపేలా వాళ్ళతో మాట్లాడు. గడ్డ కట్టించకూడదు, చల్లగా ఉంటే చాలు. తల మీరు కొట్టి పగలగొట్టొద్దు. పోయిన వారం చచ్చినది గట్టు అవతల ఇంకా ఉంటే పరీక్షకు పనికిరాదు. దళసరి గ్లవ్స్ వేసుకొని, పార సాయంతో, నిలువెత్తు గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. నక్క పడి ఉన్న చోట బ్లీచింగ్ నీళ్ళు పోయండి. డిస్టెంపర్ వైరస్ మన ఎండకు ఎక్కువ కాలం ఆగదు, పార్వో అయితే మట్టిలో నెలల తరబడి ఉంటుంది.

పూడ్చే ముందు ఒక పని చెయ్యి. దూరం నుంచే పుల్లతో కాలు తిప్పి, అరికాలు మెత్తకు దగ్గరగా ఒక ఫోటో తియ్యి. వేళ్ళ మధ్య పగుళ్ళు, మెత్త మీద పొర కనిపించేలా, పగటి వెలుతురులో. తోక రాలిన రెండోదానిది కూడా చెవి అంచు కనబడేలా దొరికితే పెట్టు. కాపలా ఆయన దవాఖానకు వెళ్ళాడా లేదా అన్నది మాత్రం ఫోటోల కంటే ముందు రాయి.